దిరిసెన బెరడుతో ఒక ఉబ్బసం కేసు: మిర్చి యార్డు హమాలీ, పద్నాలుగు నెలలు

ఆయన నా దగ్గరకు వచ్చింది ఫిబ్రవరి రెండో వారంలో. గుంటూరులో అది మిర్చి యార్డు నిండే కాలం. లారీల మీద లారీలుగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటాయి. తేజ, 334, 341, బాడిగ అనే మిర్చి రకాల పేర్లు టీ కొట్ల దగ్గర కూడా వినిపిస్తాయి. అలవాటు లేనివాళ్లు యార్డు గేటు దాటిన రెండు నిమిషాలకే దగ్గు ఆపుకోలేరు. ఆయన అక్కడ ఇరవై ఆరేళ్లుగా బస్తాలు మోస్తున్నారు. వయసు 54. నా క్లినిక్‌కు ఉన్నవి మూడే మెట్లు. అవి ఎక్కి వచ్చి, కుర్చీలో వెనక్కి ఆనకుండా, రెండు చేతులూ మోకాళ్ల మీద ఊతంగా పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నారు. నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు.

ఆ కూర్చున్న తీరు చూడగానే సగం రోగం అర్థమవుతుంది. ఉబ్బసాన్ని ఆయుర్వేదం తమక శ్వాస అంటుంది. దాని గురించి చెబుతూ చరకుడు ‘ఆసీనో లభతే సౌఖ్యం’ అన్నాడు. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే సుఖం, వేడి వస్తువులంటే ఇష్టం. ఈయన మూడు నెలలుగా గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోతున్నారు.

పద్దెనిమిదేళ్ల నా ఆయుర్వేద వైద్యంలో ఉబ్బసం రోగులకు దిరిసెన బెరడు చాలామందికి ఇచ్చాను. ఈ ఒక్క కేసునే ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో ఆ బెరడు నాకు రెండుసార్లు పాఠం చెప్పింది. మొదటిసారి, నేను దిరిసెన అనుకుని ఇచ్చినది దిరిసెనే కాదు. రెండోసారి అది అసలైన దిరిసెన, రోగికి గుణమూ కనిపించింది, ఆ గుణాన్ని నమ్ముకునే ఆయన ఆసుపత్రి పాలయ్యారు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు, ఊరు రాయడం లేదు.

వచ్చినప్పటి స్థితి

ఆయాసం మొదలై ఆరేళ్లు. మొదట్లో యార్డు సీజన్‌లో మాత్రమే ఉండేది, మే నెల సెలవులు ఇవ్వగానే తగ్గిపోయేది. రెండేళ్లుగా ఏడాది పొడవునా ఉంటోంది. వారంలో నాలుగు రాత్రులు తెల్లవారుజామున మూడింటికి పిల్లికూతలతో మెలకువ వస్తుంది. తెల్లటి, జిగురుగా ఉండే తెమడ పడితే గానీ ఊపిరి తేలిక కాదు. నీలం రంగు ఇన్‌హేలర్, అంటే సాల్బుటమాల్, రోజుకు ఏడెనిమిది సార్లు పీలుస్తున్నారు. రోజూ రెండు పూటలా వాడవలసిన రెండో ఇన్‌హేలర్‌ను ఊపిరితిత్తుల వైద్యులు ఎప్పుడో రాసిచ్చారు. అది పదిహేను రోజులు వాడి పక్కన పెట్టేశారు. ఎందుకని అడిగితే, “అది మొదలుపెడితే ఇక జన్మంతా మానడానికి ఉండదంట కదమ్మా” అన్నారు. ఆ మాట ఆయనకు ఎవరు చెప్పారో నేను అడగలేదు. ఈ ఊళ్లో ఆ మాట చెప్పేవాళ్లకు కొదవ లేదు. మృగశిర కార్తె నాడు చేప మందు కోసం రెండేళ్లు హైదరాబాదు కూడా వెళ్లి వచ్చారు.

బీడీలు కాల్చేవారు, పదేళ్ల కిందట మానేశారు. తండ్రికి ఉబ్బసం ఉండేది.

పరీక్షలో నిమిషానికి 24 శ్వాసలు, నాడి 96, రక్తపోటు 130/84, ఆక్సిజన్ 95 శాతం. రెండు వైపులా వీపు మీద స్టెతస్కోపు ఎక్కడ పెట్టినా పిల్లికూతలే. కాళ్ల వాపు లేదు, మెడ నరాలు ఉబ్బలేదు. ఊపిరి ఎంత వేగంగా బయటకు వస్తుందో కొలిచే పీక్ ఫ్లో మీటర్‌లో గట్టిగా ఊదిస్తే నిమిషానికి 210 లీటర్లు వచ్చింది. ఆ వయసుకు, ఆ ఎత్తుకు 400కు పైనే రావాలి. ఆయన ఇన్‌హేలర్‌తోనే రెండు సార్లు పీల్పించి పావుగంట ఆగి మళ్లీ ఊదించాను. ఈసారి 280. మూడో వంతు పెరిగింది. బీడీల చరిత్ర ఉంది కాబట్టి ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతిన్నాయేమో అని భయపడ్డాను గానీ, మందుకు ఇంతగా తెరుచుకునే శ్వాసనాళాలు ప్రధానంగా ఉబ్బసం వైపే వేలు చూపిస్తాయి.

ఆ రోజు నేను మందేమీ ఇవ్వలేదు. ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, రక్తపరీక్ష, క్షయ కోసం తెమడ పరీక్ష రాసి పంపాను. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. క్షయ లేదు. గుండె బాగానే ఉంది. రక్తంలో ఇసినోఫిల్ కణాలు, అంటే ఎలర్జీలో పెరిగే తెల్లకణాలు, 840. సాధారణంగా 500 లోపు ఉండాలి. మన కోస్తా జిల్లాల్లో బోదకాలు క్రిముల వల్ల వచ్చే ఇసినోఫీలియా కూడా రాత్రి దగ్గు, ఆయాసంతో అచ్చం ఉబ్బసంలాగే ఉంటుంది. కానీ అందులో ఈ సంఖ్య సాధారణంగా 3000 దాటుతుంది. అందువల్ల అది కాదనుకున్నాను. ఆయుర్వేద వైద్యులం ఈ పరీక్షలు చేయించడం మన శాస్త్రానికి తక్కువేమీ కాదు. తమక శ్వాస అని పేరు పెట్టేముందు అది క్షయ కాదని తెలుసుకోకపోతే ఆ పేరుకు అర్థం లేదు.

ఇక మన లెక్కలో చూస్తే కఫవాత ప్రధానమైన తమక శ్వాస. నాలుక మీద తెల్లటి పూత, ఆకలి మందం, ఉదయం లేవగానే ఛాతీ బరువు. ఆయన చెప్పిన ఒక విషయం నాకు బాగా గుర్తుండిపోయింది. యార్డు పని ముగించి ఇంటికి చేరేసరికి రాత్రి పది. అప్పుడు స్నానం చేసి, కడుపు నిండా పెరుగన్నం తిని, వెంటనే నడుం వాలుస్తారు. శ్వాస రోగం ఛాతీలో కనిపించినా దాని పుట్టుక పిత్తస్థానంలో అని శాస్త్రం చెబుతుంది. అంటే కడుపు దగ్గర. రాత్రి పదింటి పెరుగన్నానికి, తెల్లవారుజామున మూడింటి పిల్లికూతలకు సంబంధం ఉందని ఆయన భార్య ఎప్పుడో కనిపెట్టింది. ఆయన వినలేదు.

బెరడునే ఎందుకు ఎంచుకున్నాను

దిరిసెనను సంస్కృతంలో శిరీష అంటారు. విషాన్ని హరించే ద్రవ్యాలన్నిటిలో శ్రేష్ఠమైనది శిరీష అని చరకుడు ఒక్క మాటలో తేల్చేశాడు: ‘శిరీషో విషఘ్నానాం’. మిరప ఘాటు, బూజు పట్టిన కాయల ధూళి, గోనె పీచు, వీటన్నిటినీ ఇరవై ఆరేళ్లు పీల్చిన శరీరానికి విషఘ్న ద్రవ్యం ఇవ్వాలన్న ఆలోచన ఏ ఆయుర్వేద వైద్యుడికైనా సహజంగా వస్తుంది.

అయితే ఒక మాట నిజాయతీగా చెప్పాలి. శ్వాస చికిత్సలో చరకుడు చెప్పింది బెరడు గురించి కాదు, పువ్వు గురించి. దిరిసెన పూల స్వరసాన్ని, అంటే పిండి తీసిన పచ్చి రసాన్ని, పిప్పళ్లు, తేనెతో కలిపి కఫపిత్తాలు అనుసరించిన శ్వాసలో ఇవ్వమన్నాడు. పూలు మనకు ఎండాకాలంలోనే దొరుకుతాయి, ముట్టుకుంటే వాడిపోతాయి. కవులు సుకుమారానికి ఉపమానంగా ఊరికే పట్టుకోలేదు వాటిని. బెరడు ఏడాది పొడవునా దొరుకుతుంది, ఎండబెడితే నిలవ ఉంటుంది. బెరడు కషాయం మీద ఆధునిక పరిశోధన కూడా జరిగింది. 1979లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఈ కషాయం ఎలుకల్లో మాస్ట్ కణాలు పగలకుండా కాపాడినట్టు తేలింది. మాస్ట్ కణం పగిలితే హిస్టమిన్ బయటపడుతుంది, శ్వాసనాళం బిగుసుకుంటుంది. క్రోమోగ్లైకేట్ అనే ఉబ్బసం మందు చేసే పని కూడా ఆ కణాలను పగలకుండా ఆపడమే. అది ఎలుకల్లో చేసిన పని. నా హమాలీకి అంతే ఫలితం వస్తుందని దాన్ని చూపించి చెప్పలేను. కానీ ఏ దారిలో పనిచేయవచ్చో ఒక ఊహ ఇస్తుంది.

ఆ ఊహలోనే ఒక హద్దు కూడా ఉంది. మిరపకాయలో మండే పదార్థం కాప్సైసిన్ నేరుగా శ్వాసనాళంలోని నాడులను రేపి దగ్గు తెప్పిస్తుంది. దానికి మాస్ట్ కణాలతో పని లేదు. కాబట్టి బెరడు ఎంత మంచిదైనా ఘాటు పీల్చినప్పుడు వచ్చే దగ్గును అది ఆపగలదని నేను అనుకోను. ధూళిలోని బూజు వల్ల, ఎలర్జీ వల్ల వచ్చే భాగాన్ని తగ్గించవచ్చు. మిగిలినదానికి ముక్కుకూ మిరపకూ మధ్య అడ్డం ఉండాలి.

అందుకే ఆయనతో మొదటి రోజే మూడు విషయాలు మాట్లాడుకున్నాం. ఒకటి, ఊపిరితిత్తుల వైద్యుల దగ్గరకు తిరిగి వెళ్లి రెండు పూటల ఇన్‌హేలర్ మళ్లీ మొదలుపెట్టాలి. రెండు, రాత్రి భోజనం యార్డులోనే ఏడింటికల్లా ముగించాలి, పెరుగు మధ్యాహ్నానికి మార్చాలి. మూడు, మాస్కు. మొదటి రెండింటికీ తల ఊపారు. మూడోదానికి, “మాస్కు పెట్టుకుని నలభై కిలోల టిక్కీ భుజానికెత్తుకుంటే ఉన్న ఊపిరి కూడా పోతుందమ్మా” అన్నారు. అది నిజమే. గుంటూరు ఎండలో నేను ఆ పని చేయలేను. చివరికి ముఠా మేస్త్రితో ఆయనే మాట్లాడుకుని, కాయలు గుమ్మరించి తాలు, అంటే రంగు పోయిన నాసి కాయలు, ఏరే చోటు వదిలేసి, ఆరుబయట లారీల దగ్గర దింపుడు పనికి మారారు. కూలి ముఠా అంతా పంచుకునేదే కాబట్టి వాటా తగ్గలేదు. ఈ కేసులో నేను రాసిన ఏ మందు కన్నా ఆ మార్పు చిన్నదేమీ కాదు.

మొదటి మూడు వారాలు బెరడు ఇవ్వలేదు. ఇన్‌హేలర్ ఒక్కటే ఎంత మార్పు తెస్తుందో ముందు చూడాలనుకున్నాను. అన్నీ ఒకేసారి మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో దేవుడికే తెలియాలి. పీక్ ఫ్లో మీటర్ కొనిపించి, ఉదయం లేవగానే మూడుసార్లు ఊది ఎక్కువ వచ్చినది నోటు పుస్తకంలో రాయమన్నాను. రాసేది ఇంటర్ చదివే కూతురు. మూడు వారాల చివర ఉదయపు సగటు 285. రాత్రి మెలకువలు వారానికి రెండు.

తప్పు బెరడు

మార్చి మొదటి వారంలో కషాయం మొదలుపెట్టాం. ఏళ్లుగా నేను మూలికలు తెప్పించుకునే అంగడి నుంచే బెరడు వచ్చింది. ముతకగా దంచిన 20 గ్రాముల బెరడుకు పదహారు రెట్లు, అంటే 320 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, సన్నని సెగ మీద ఎనిమిదో వంతు 40 మిల్లీలీటర్లు మిగిలేదాకా కాచాలి. ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడు చెప్పిన కొలత అది. ఉదయం సగం, సాయంత్రం సగం. మూత పెట్టకుండా కాచమన్నాను. తేనె, పిప్పలి ఏదీ కలపలేదు. ఒక్క ద్రవ్యమే ఇచ్చి చూద్దామన్నది నా పట్టుదల.

నెల గడిచింది. ఉదయపు సగటు 295 దగ్గరే ఆగిపోయింది. రాత్రి మెలకువలూ అంతే. సీజన్ ఉద్ధృతంగా ఉంది కదా అని సరిపెట్టుకున్నాను. ఐదో వారంలో కొత్త సంచి వచ్చింది. తెరిచి చూస్తే బెరడు ముక్కకు అంటుకుని ఒక కాయ ఉంది. నల్లగా, మందంగా, విరిస్తే లోపల జిగురుగా తియ్యటి వాసన. నా గుండె గుభేలుమంది. దిరిసెన కాయ అలా ఉండదు. ఎండు గడ్డి రంగులో, కాగితంలా పలుచగా, గింజలు పైకి తేలి కనిపిస్తూ ఉంటుంది. వేసవిలో ఆకులు రాలిన దిరిసెన చెట్టు కింద నిలబడితే గాలికి ఆ కాయలు గలగలమంటాయి.

మర్నాడే అంగడివాళ్లను వెంటబెట్టుకుని బెరడు చెక్కిన చోటికి వెళ్లాను. రోడ్డు పక్క గొడుగులా పరుచుకున్న పెద్ద చెట్టు, గులాబీ రంగు కుచ్చు పూలు. నిద్రగన్నేరు. “దీన్నే శిరీష అని అందరికీ ఇస్తున్నామండీ” అన్నాడు చెక్కే మనిషి. అతనిలో మోసం లేదు. రెండు చెట్లకూ కుచ్చు పూలే, రెండూ సాయంత్రానికి ఆకులు ముడుస్తాయి, దూరపు చుట్టాలు కూడా. కానీ నిద్రగన్నేరు అమెరికా ఖండం నుంచి వచ్చి మన రోడ్ల పక్క నాటుకున్న చెట్టు. చరకుడు దాన్ని చూసే అవకాశమే లేదు. విషఘ్నాల్లో శ్రేష్ఠమని ఆయన చెప్పిన మాటను ఈ చెట్టు బెరడుకు అతికించడానికి మనకు ఏ హక్కూ లేదు. ఇవి కాక చిందుగ, తెల్ల చిందుగ బెరడులు కూడా ఈ పేరుతోనే సంచుల్లో కలుస్తుంటాయి. అవి దిరిసెనకు ఇంకా దగ్గరి చుట్టాలు. ఎండి ముక్కలైన బెరడును చూసి వీటిని వేరు చేయగలనని నేను చెప్పను. చెట్టును చూడాలి, పువ్వునో కాయనో చూడాలి.

ఆ రోజు సాయంత్రం ఆయనకు ఫోను చేసి జరిగింది చెప్పాను. ఐదు వారాలు వేరే చెట్టు కషాయం తాగించానని చెప్పడం నాకు తేలిక కాలేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “దిరిసెన చెట్టు మా ఊరి చెరువు గట్టు మీద ఉందమ్మా, మా తాత పళ్లపొడికి ఆ బెరడే వాడేవాడు” అన్నారు.

సరైన బెరడు

గుంటూరుకు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది ఆ పల్లె. ఏప్రిల్ రెండో ఆదివారం వెళ్లాం. వృక్షశాస్త్రం చెప్పే నా స్నేహితురాలిని తోడు తీసుకువెళ్లాను, ఇక నా కళ్లను ఒక్కటే నమ్మదలచుకోలేదు. గట్టు మీద మూడు చెట్లు. పూత మొదలైంది. లేత పచ్చ, తెలుపు కలిసిన మెత్తని కుచ్చులు, గట్టు ఎక్కకముందే వాసన అందింది. పాత కాయలు ఇంకా కొమ్మలకు వేలాడుతూ గలగలలాడుతున్నాయి. ముదురు బూడిద రంగు బెరడు, నిలువునా అడ్డంగా పగుళ్లు. చాకుతో గీరితే లోపల ఎర్రటి పొర.

మాను చుట్టూ బెరడు చెక్కితే చెట్టు చచ్చిపోతుంది. ఆయన తమ్ముడు చెట్టెక్కి, పొలం వైపు వాలి అడ్డంగా ఉన్న ఒక కొమ్మను మొదటికంటా నరికాడు. ఆ కొమ్మ బెరడు మొత్తం వలిచాం. మానును ముట్టుకోలేదు. నాలుగు కిలోలకు పైగా పచ్చి బెరడు వచ్చింది. నీడలో తొమ్మిది రోజులు ఆరింది.

దంచేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. దిరిసెన బెరడులో సబ్బు గుణం ఉన్న సాపోనిన్లు ఉంటాయి. చిటికెడు పొడి నీళ్లలో వేసి సీసాలో కుదిపితే నురగ కడుతుంది, పావుగంటకు కూడా దిగదు. అదే పొడి ముక్కులోకి పోతే తుమ్ములు ఆగవు. ముక్కులో వేసి తలలోని దోషాన్ని వదిలించే శిరోవిరేచన ద్రవ్యాల్లో శాస్త్రం దిరిసెన గింజలను చేర్చింది. మా క్లినిక్‌లో దంచే అమ్మాయి ముఖానికి తడి గుడ్డ కట్టుకున్నా ఆ పూటంతా తుమ్ముతూనే ఉంది. అలాంటి పొడిని ఉబ్బసం రోగి ఇంట్లో దంచుకోవడం ప్రమాదం. కాబట్టి కషాయానికి సరిపడా ముతక ముక్కలుగా ఇక్కడే దంచి, ఒక్కో రోజుకు ఒక్కో పొట్లం కట్టి ఇచ్చాను. కషాయం రంగు ఈసారి వేరుగా వచ్చింది. చిక్కటి ఎరుపు, టీ డికాషన్ కన్నా ముదురు. రుచి వగరు, వెనక చేదు. మొదటి గుక్కకు నాలుక దగ్గరకు లాగేసిందని చెప్పారు.

ఏప్రిల్ మూడో వారం నుంచి రోజూ తాగారు. పదో రోజుకు మలబద్ధకం వచ్చింది. వగరు ద్రవ్యాల గుణమే అది. రాత్రి గోరువెచ్చని నీళ్లతో త్రిఫల చూర్ణం ఇస్తే సర్దుకుంది. నాలుగు వారాలకు ఉదయపు సగటు 320. ఎనిమిది వారాలకు 350. జూన్ మధ్యకు రాత్రి మెలకువలు నెలకు ఒకటి, అదీ ఊళ్లో పెళ్లికి వెళ్లి వచ్చిన రాత్రి. నీలం ఇన్‌హేలర్ వారానికి రెండు సార్లు. ఇసినోఫిల్ కణాలు 420. చాలాకాలం తర్వాత మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయారని ఆయన భార్య వచ్చి చెప్పింది.

ఇక్కడ నేను పొంగిపోయి ఉంటే తప్పు చేసినదాన్నే. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు. ధూళి లేదు, ఘాటు లేదు. వెనకటి ఏళ్లలోనూ ఆ నెలలో ఎంతో కొంత తగ్గేది. ఇన్‌హేలర్ నాలుగు నెలలుగా సాగుతోంది. ఈ 350లో బెరడు వాటా ఎంత? ఆ ప్రశ్నకు జవాబు రావాలంటే మళ్లీ ఫిబ్రవరి రావాలి, మళ్లీ టిక్కీలు దిగాలి.

ఆగస్టు

అంతకుముందే ఆగస్టు వచ్చింది. నాలుగు రోజులు ఎడతెరిపి లేని ముసురు. మబ్బు, నీరు, చలి, తూర్పు గాలి తమక శ్వాసను పెంచుతాయని చరకుడు వరుసగా చెప్పిన నాలుగూ ఒకేసారి కూడాయి. రాత్రి ఒంటిగంటకు కూతురు ఫోను చేసింది. వెనక నుంచి ఆయన ఊపిరి చప్పుడు నాకు ఫోనులోనే వినిపిస్తోంది. నీలం ఇన్‌హేలర్ స్పేసర్ గొట్టంతో వెంటవెంటనే ఇస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లమన్నాను. అక్కడ నెబ్యులైజర్, ఆక్సిజన్, స్టెరాయిడ్ ఇచ్చి రెండు రోజులు ఉంచారు. చేరేటప్పుడు మాట పూర్తిగా పడిపోయిందట. ఇంకొక గంట ఆలస్యమైతే ఏమయ్యేదో ఊహించడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు.

మూడో రోజు ఆసుపత్రిలో చూడటానికి వెళ్లాను. నోటు పుస్తకం తెచ్చి చూపించమన్నాను. జూలై మొదటి వారం నుంచి రెండు పూటల ఇన్‌హేలర్ మానేశారు. కషాయం మాత్రం ఒక్క పూట కూడా తప్పలేదు. అంకెలు మెల్లగా దిగుతూ వచ్చాయి: 345, 340, 325, 310, 290. మొదటి రెండు వారాలు ఆయనకు ఏ తేడా తెలియలేదు. శ్వాసనాళాల లోపలి వాపు మళ్లీ పెరగడానికి వారాలు పడుతుంది. మందు మానినా బాగానే ఉన్నానన్న భ్రమ ఆ వారాల్లోనే పుడుతుంది.

“ఎందుకు మానారు?” అని అడిగాను.

“చెట్టు మందు పనిచేస్తోంది కదమ్మా. ఇంక ఆ ఇంగ్లిషు మందు ఎందుకనుకున్నాను. మీరు సంతోషిస్తారనుకున్నాను.”

ఆ చివరి మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇన్‌హేలర్ మానవద్దని ఫిబ్రవరిలో చెప్పిన మాట నిజం. కానీ ఆ తర్వాత ప్రతి రాకలోనూ నేను ఉత్సాహంగా మాట్లాడింది బెరడు గురించి, చెట్టు గురించి, కషాయం రంగు గురించి. ఇన్‌హేలర్ గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నా నోటితో మానమని అనకపోయినా, నా ముఖంలో ఆయన చదివింది అదే. తమక శ్వాస యాప్య రోగం. కొత్తగా పుట్టినప్పుడు సాధ్యం కావచ్చు గానీ, పాతబడితే అదుపులో ఉంచుకోవలసినదే తప్ప తుడిచిపెట్టలేమని శాస్త్రమే చెప్పింది. యాప్యం అంటే కూలబోయే ఇంటికి నిలబెట్టిన దన్ను లాంటిది చికిత్స. దన్ను తీస్తే ఇల్లు పడుతుంది. ఈయన ఇంటికి పెద్ద దన్ను ఇన్‌హేలర్. బెరడు పక్కన నిలబెట్టిన రెండో గుంజ. ఈ పోలికనే ఆ రోజు ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఆయనకు చెప్పాను. పొలం గట్టు మీద పాకలు వేసిన మనిషి, వెంటనే అర్థం చేసుకున్నారు.

అప్పటి నుంచి నా క్లినిక్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఉబ్బసం రోగి వచ్చినప్పుడు ఇన్‌హేలర్ డబ్బా వెంట తెచ్చుకోవాలి. అందులో ఎన్ని మోతాదులు మిగిలాయో చూశాకే కషాయం పొట్లాలు ఇస్తాను. ఆయన ఊపిరితిత్తుల వైద్యులతో ఫోనులో మాట్లాడి నేను ఏమి ఇస్తున్నానో చెప్పాను. మొదట కాస్త విసుక్కున్నా, నోటు పుస్తకం అంకెలు చదివి వినిపించాక శ్రద్ధగా విన్నారు.

రెండో సీజన్

సెప్టెంబరు నుంచి రెండూ కలిపి సాగాయి. నవంబరులో బెరడు ఆరు వారాలు ఆపాను, మలబద్ధకం మళ్లీ తలెత్తినందుకు, ఏ ద్రవ్యాన్నీ విరామం లేకుండా ఇవ్వడం నాకు ఇష్టం లేనందుకు. ఇన్‌హేలర్ మాత్రం ఒక్క రోజూ ఆగలేదు. ఆ ఆరు వారాల్లో ఉదయపు సగటు 345 నుంచి 325కు దిగింది. జనవరి మొదట్లో బెరడు తిరిగి మొదలుపెట్టాక ఫిబ్రవరి మధ్యకు 350కి వచ్చింది. ఇరవై, పాతిక లీటర్ల తేడా. పెద్దదేమీ కాదు. చలికాలం మంచు వల్ల కూడా అంత తగ్గవచ్చు. కానీ ఇన్‌హేలర్ మారకుండా, బెరడు ఒక్కటే మారిన ఆ రోజులే ఈ మొత్తం కేసులో బెరడు గురించి నాకు కాస్త గట్టిగా మాట్లాడే బలం ఇచ్చినవి.

ఫిబ్రవరి, మార్చి నెలలు యార్డు నిండుగా సాగింది. కిందటి ఏడు ఇదే రోజుల్లో 210తో వచ్చిన మనిషి ఈసారి 335 నుంచి 355 మధ్య నిలిచారు. రాత్రి మెలకువలు రెండు నెలల్లో మూడు. నీలం ఇన్‌హేలర్ వారానికి రెండు, మూడు సార్లు, అదీ ఎక్కువగా తాలు గుట్టల పక్కగా నడవవలసి వచ్చిన రోజుల్లో. అంటే ఘాటు తగిలినప్పటి దగ్గు అలాగే ఉంది. నేను మొదట అనుకున్న హద్దు దగ్గరే బెరడు ఆగింది.

ఈ కషాయం నేను ఎవరికి ఇవ్వనో కూడా రాయాలి. గర్భిణులకు ఇవ్వను. పిల్లల కోసం ఎదురుచూస్తున్న మగవాళ్లకూ ఇవ్వను. బెరడు సారం ఇచ్చిన మగ ఎలుకల్లో వీర్యకణాలు, సంతాన సామర్థ్యం తగ్గినట్టు ప్రయోగాలు ఉన్నాయి. మనుషుల్లో అలా జరుగుతుందో లేదో తేలేదాకా పాతికేళ్ల కుర్రవాడి మీద నేను పరీక్షించదలచుకోలేదు. చెట్టు నుంచి వచ్చినదంతా నిరపాయమని నమ్మే రోగి నమ్మవచ్చు, వైద్యుడు నమ్మకూడదు.

ఏప్రిల్ మూడో వారంలో ఆయన ఆఖరిసారి వచ్చినప్పుడు పీక్ ఫ్లో 360. ఊపిరితిత్తుల వైద్యులు ఇన్‌హేలర్ మోతాదు సగానికి తగ్గించారు. తగ్గించింది వాళ్లు, కొలతలు చూసి. జూన్ దాకా బెరడుకు విరామం ఇచ్చాం. చెరువు గట్టు చెట్టు ఈ ఏడు విరగబూసిందని, నరికిన కొమ్మ మొదట్లో కొత్త చిగురు వేసిందని చెప్పారు.

ఒంటరిగా రాలేదు ఆయన. తన ముఠాలోనే పనిచేసే ముప్పై ఏళ్ల కుర్రవాణ్ని వెంట తెచ్చారు. మూడు వారాలుగా దగ్గు, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడటం, చొక్కా వదులైంది. “వీడికీ మన దిరిసెన కషాయం ఇవ్వండమ్మా, నేను చెప్పాను బాగా పనిచేస్తుందని” అన్నారు. ఆ అబ్బాయి ఛాతీ విని, ఎక్స్‌రేకు, క్షయ కోసం తెమడ పరీక్షకు చీటీ రాశాను. ఉదయం లేవగానే ముఖం కడుక్కోకముందు వచ్చే తెమడే పట్టాలని ఎలా పట్టాలో చూపించాను. పొట్లాలు కట్టలేదు.